సోమిద చెట్టు – రాక్స్‌బర్గు వైద్యుడు

కృష్ణకు ఉత్తరపు గట్టున, పూర్వపు మహబూబునగరము జిల్లాకు చెందిన అమ్రాబాదు పీఠభూమి మీదను, ఆ చుట్టుప్రక్కల మెట్ట అడవులలోను సోమిద యను చెట్టు పెరుగును. దీనినే కొందరు సోమి యనియు, మరికొందరు చేవమాను అనియు పిలుతురు. వేపయు, ఇదియు ఒకే కుటుంబములోనివి. లేతాకు ఎఱ్ఱగా నుండును. కాయ ముదిరి యెండిన పిమ్మట అయిదు పలకలుగా విచ్చి, వడ్రంగి కొయ్యతో చెక్కిన పువ్వువలె కొమ్మనే నిలిచియుండును. దానిలోని గింజలకు రెక్కలుండుటచే అవి గాలికి ఎగిరిపోవును. పట్ట మందముగను, మిక్కిలి చేదుగను, వగరుగను ఉండును. జ్వరమునకును, విరేచనములకును ఆ పట్ట కషాయమును ఇచ్చుట మన పల్లెలలో తరతరములుగా నున్న వాడుక.

ఈ చెట్టునకు లోకమందలి శాస్త్రజ్ఞులందరు వాడు పేరు సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. ఇందు మొదటి మాట మన సోమిదయే. రెండవది లాటిను మాట. జ్వరమును పారద్రోలునది యని దాని యర్థము. తెలుగువారి నోటి మాట ఇట్లు శాస్త్ర గ్రంథములకు ఎక్కుటకు కారకుడైనవాడు విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు దేశపు వైద్యుడు. ఆయనను భారతదేశ వృక్షశాస్త్రమునకు పితామహుడని చెప్పుట కలదు. ఆయన జీవితములో పండ్రెండేండ్లకు పైగా గడచినది మన తెలుగునాట, సామర్లకోటలో.

రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండులోని ఎయిర్‌షైరు మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ కాలమున వైద్యవిద్యకును, మొక్కల పరిజ్ఞానమునకును వేరు లేదు. మందులలో హెచ్చుభాగము ఆకులు, వేళ్ళు, పట్టలే గనుక మొక్కలను గుర్తింపలేనివాడు వైద్యుడు కాజాలడు. అచ్చట జాన్ హోప్ అను ఆచార్యుని యొద్ద ఆయనకు వృక్షశాస్త్రమునందు అభిరుచి కుదిరెను. యౌవనముననే ఓడలలో వైద్యుని సహాయకుడుగా సముద్రయానము చేసి, 1776లో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు కొలువులో ఉపవైద్యుడుగా చేరెను. వచ్చిన నాటినుండియు ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును చూచి ప్రతిదినము వ్రాసికొనుట ఆయన అలవాటు. ఆ పట్టికలు లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటింపబడెను.

1781లో ఆయనను సామర్లకోటకు పంపిరి. ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోనికి వచ్చి అప్పటికి చాలయేండ్లు కాలేదు. సామర్లకోటలో సైన్యముండెను, సైన్యమున్నచోట జ్వరములుండెను. సిపాయీలకు మందిచ్చుట ఆయన ఉద్యోగము. తక్కిన ప్రొద్దంతయు పెద్దాపురము, రాజమహేంద్రవరము కొండలలో మొక్కలకొరకు తిరుగుటతో సరిపోవుచుండెను.

ఆ రోజులలో ఆయనకు గురువువంటి స్నేహితుడొకడు కలడు. ఆయన పేరు కోనిగ్. వృక్షములకును జంతువులకును రెండేసి మాటలతో పేర్లు పెట్టు పద్ధతిని ఏర్పరచిన స్వీడను దేశపు లిన్నేయసు పండితునికి ఈయన సాక్షాచ్ఛిష్యుడు. తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశమంతయు కాలినడకను మొక్కలకై తిరిగినవాడు. 1785లో ఉత్తరమునకు ప్రయాణము చేయుచు కాకినాడ సమీపమున జబ్బుపడెను. రాక్స్‌బర్గు దగ్గరనుండి వైద్యము చేసినను ఫలింపక అచ్చటనే కన్నుమూసెను.

తరువాతి కష్టము రాక్స్‌బర్గునకే వచ్చెను. 1787లో గోదావరి ముఖద్వార ప్రాంతమున గొప్ప ఉప్పెన వచ్చి కోరంగిని ముంచివేసెను. ఏండ్ల తరబడి ఆయన సేకరించి, ఎండబెట్టి, అద్ది దాచిన మొక్కలు, పుస్తకములు, వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. తోటి ఉద్యోగులు అట్టి నష్టము తరువాత వర్తకమునకు తిరిగి సొమ్ము చేసికొనియుందురు. రాక్స్‌బర్గు కూడ సొమ్మును కాదనువాడు కాడు. కంపెనీ ఉద్యోగులందరివలె ఆయనకును సొంత వ్యాపారములుండెను. అయినను మరల మొదటినుండి మొక్కల సేకరణ ప్రారంభించెను. నేడు మనకు లభించుచున్న ఆయన గ్రంథములన్నియు ఆ రెండవ ప్రయత్నపు ఫలమే.

సామర్లకోటలో ఆయన ఒక తోట వేసెను. కంపెనీవారికి అందు కావలసినది మిరియము. మలబారు తీరమున దొరకు మిరియమును సర్కారులలోనే పండించినచో లాభముండునని వారి యాశ. సమీపమందలి కొండలలో అడవి మిరియపు తీగె యున్నదని రాక్స్‌బర్గు కనుగొని దానిని తోటకు తెచ్చి నాటించెను. దానితోపాటు కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు, పట్టుపురుగులకై కంబళి చెట్లు మున్నగునవి పెంచి చూచెను. మిరియము మలబారుతో పోటీకి నిలువలేకపోయెను. అడవిలో దానంతట పెరుగు తీగె తోటలో అట్లే కాచునన్న నమ్మకము లేదనుట ఆయన స్వానుభవమున తెలిసికొనెను.

1789 మొదలు మూడేండ్లు వానలు సరిగా పడక సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. జనము వేలకొలది చచ్చిరి. రాక్స్‌బర్గు తన పట్టికలలోని వాన లెక్కలు చూచుచు, ఊరి పెద్దలను పూర్వపు కరవులను గూర్చి అడిగి తెలిసికొనుచు, ఇట్టివి మరల మరల వచ్చునని గ్రహించెను. వరి పోయినను నిలుచు కొబ్బరి, తాడి, ఈత, పనస, అరటి మొదలగువానిని గట్లమీదను, కాలువ ఒడ్డులను విరివిగా నాటింపవలెనని కంపెనీకి వ్రాసెను. కంపెనీవారు ఆ వ్రాతలను చదివిరి. మిరియము లెక్కలు చదివినంత శ్రద్ధతో కాదు.

సోమిద కథ ఈ సామర్లకోట రోజులలోనిదే.

ఆ కాలమున చలిజ్వరమునకు నమ్మదగిన మందు ఒక్కటే. అది దక్షిణ అమెరికాలోని పెరూ కొండలనుండి వచ్చు సింకోనా చెట్టు పట్ట. అచ్చటినుండి ఐరోపాకును, ఐరోపానుండి మన దేశమునకును ఓడలలో చేరునప్పటికి దాని వెల మిక్కుటమగుచుండెను. అందు కల్తీయు ఎక్కువ. పటాలములో సగము మంది చలిజ్వరమున మూలుగుచుండ, మందు సముద్రము మీద నుండుట ఆ వైద్యుని కన్నుల యెదుటి సంగతి. సర్కారు కొండలలో పెద్ద వృక్షముగా పెరుగు సోమిద పట్ట చేదును, వగరును చూచి, ఇక్కడి వైద్యుల వాడుకను విని, అది సింకోనాకు బదులు కాగలదేమో యని ఆయన తలచెను. తానే రోగులకిచ్చి చూచెను. పట్టను ఎడింబరోకు పంపెను. అచ్చటి డంకన్ అను వైద్యుడు దానిని పరీక్షించి 1794లో ఒక గ్రంథమును వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్ది మొదటి సంవత్సరములలో ఎడింబరో వైద్యుల ఔషధ సూచికలో సోమిద పట్టకు చోటు దొరకెను.

రాక్స్‌బర్గు దానిని అమెరికా మహాగని జాతిలోనిదిగా భావించి స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అని పేరిడెను. తెలుగు పేరును కూడ ప్రక్కన వ్రాసియుంచెను. దాని కలప కెంపు రంగుతో మిక్కిలి గట్టిగా, బరువుగా నుండుననియు, ఎన్నటికిని చెడని కలప యని ఇక్కడివారు దానిని దేవాలయములకు వాడుదురనియు వివరించెను. 1830లో ఫ్రాన్సు దేశపు జస్యూ పండితుడు ఈ చెట్టు మహాగని జాతికి చెందదని తేల్చి, ప్రత్యేక జాతిగా ఏర్పరచి, దానికి సోయ్మిడా యని తెలుగు పేరునే పెట్టెను. అన్ని చెట్లకు ఈ యదృష్టము పట్టలేదు. తెలంగాణమంతయు మాఘ ఫాల్గుణములలో ఎఱ్ఱగా పూచు మన మోదుగకు రాక్స్‌బర్గు గ్రంథములో దొరకిన పేరు బ్యూటియా. అది ఇంగ్లండులో ప్రధానమంత్రిగా నుండిన బ్యూట్ ప్రభువు పేరు. పాముల విషయమునను ఇట్టి వింత యున్నది. రాక్స్‌బర్గునకు ముందు కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రసెల్ విశాఖపట్టణమున బంగారు పాము అను మాట విని వ్రాసికొనగా, కట్లపాము జాతికంతటికి నేడు బంగారస్ అనియే శాస్త్రనామము.

రసెల్ స్వదేశమునకు మరలిన పిమ్మట ఆ పదవి రాక్స్‌బర్గునకు లభించెను. అప్పటినుండి ఆయన తెలుగుదేశపు మొక్కలను ఒక్కొక్కదానిని బొమ్మ గీయించి, లక్షణములు వ్రాసి లండనుకు పంపసాగెను. 1794 నాటికి 500 బొమ్మలు చేరెను. వానిలో 300 ఏరి, సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున కోరమండల తీరపు మొక్కలు అను మూడు సంపుటముల గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు అచ్చు వేసిరి. నిలువెత్తు కాగితముల మీద రంగులతో అచ్చయిన ఆ బొమ్మలలో మోదుగ, సోమిద మొదలుగా మన చెట్లను చూచినచో ఏ గొల్లపిల్లవాడైనను గుర్తుపట్టగలడు. ఆకు మీది ఈనె తప్పలేదు, గింజ మీది రెక్క తప్పలేదు. వానిని చిత్రించినవారు ఈ దేశపు చిత్రకారులే. వారి పేర్లు మాత్రము ఆ గ్రంథమున అచ్చు కాలేదు. కొండలలో చెట్టును చూపి పేరు చెప్పినవారి పేర్లును లేవు. తెలింగులు దీనిని ఇట్లందురు అనుటతో సరిపెట్టిరి. బ్యూట్ ప్రభువునకు ఒక చెట్టంతయు దొరకినప్పుడు ఆ చిత్రకారులకు పుట యడుగున ఒక పంక్తియైనను దొరకకపోవుట న్యాయము కాదు.

1793లో రాక్స్‌బర్గునకు కలకత్తా సమీపమందలి కంపెనీ వృక్షోద్యానమున అధ్యక్ష పదవి వచ్చెను. సామర్లకోట తోటను అటుతరువాత బెంజమిన్ హైన్ అను జర్మను పండితుడు చూచుచుండెను. కలకత్తాలో ఆయన ఇరువది యేండ్లుండెను. దేశదేశముల మొక్కలు ఆ తోటకు వచ్చెను, అచ్చటినుండి పోయెను. 1814లో శ్రీరాంపురపు మిషనరీ విలియం కేరీ ప్రకటించిన ఆ తోట పట్టికలో సుమారు 3,500 రకముల మొక్కలున్నవి. ఆయన తరచు జబ్బుపడుచుండెను. 1813లో తిరిగి స్వదేశమునకు బయలుదేరి, దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున ఆగినప్పుడు అక్కడి మొక్కల పట్టికను కూడ వ్రాసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. జీవితమంతయు శ్రమించి వ్రాసిన భారతదేశ వృక్షావళి యను గ్రంథము ఆయన కన్నులయెదుట అచ్చు కాలేదు. వ్రాతప్రతిని ఆయన కేరీ యొద్ద విడిచిపోయెను. కేరీ 1820 తరువాత కొంతయు, 1832లో సంపూర్ణముగను దానిని వెలువరించెను.

సోమిద సింకోనాకు సాటియయ్యెనా యన్నచో, కాలేదనియే చెప్పవలెను. 1820లో పారిస్ నగరమున పెల్టియే, కావంతూ అను ఇరువురు సింకోనా పట్టనుండి క్వినైనును వేరుచేసిరి. 1860 తరువాత సింకోనా చెట్లే నీలగిరులకు వచ్చెను. 1897 ఆగస్టులో మన సికిందరాబాదునందే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. ఆ క్రిమిని చంపు క్వినైను సోమిద పట్టలో లేదు. పట్టలోని వగరు విరేచనములను కట్టును. చేదు ఆకలిని పుట్టించును. కొన్ని జ్వరములు వానంతట నవే దిగునప్పుడు ఆ ఘనత పట్టకు దక్కియుండవచ్చును. రాక్స్‌బర్గు కాలమున దీనిని తేల్చు సాధనములు లేవు. చలిజ్వరము వచ్చినవారు నేడు రక్తపరీక్ష చేయించుకొని వైద్యుడిచ్చు మందును వాడవలెనే గాని పట్టను నమ్ముకొని కూర్చుండరాదు.

అంతమాత్రమున సోమిద పనికిమాలినదియు కాదు. పట్ట కొరకును, కలప కొరకును నేటికిని దానిని కొట్టుచున్నారు. చుట్టును పట్ట ఒలిచిన చెట్టు బ్రతుకదు. ఆకులు చేసిన ఆహారము వేళ్ళకు దిగునది పట్టలోని నాళములగుండనే; అవి తెగినచో వేళ్ళు ఆకలితో చచ్చును, వేళ్ళు చచ్చిన పిమ్మట చెట్టు చచ్చును. ఇట్లే మారేడు గడ్డల తీగెను గడ్డ కొరకు, సర్పగంధిని వేరు కొరకు పెరికి వేయుదురు. వేరే మందైనప్పుడు మందు తీసికొనుట యనగా మొక్కను చంపుటయే. అమ్రాబాదు అడవులలోని చెంచువారు పూర్వము గడ్డలో కొంత త్రవ్వుకొని, కొంత మన్ను కప్పి విడుచుట ఎఱుగుదురు. సంతలో ధర పెరిగి, అడవితో సంబంధము లేనివారు గునపములతో వచ్చినప్పుడు ఆ మర్యాద నిలుచుట కష్టము.

దీనికి విరుగుడుగా శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయములలో ఒకటి కణజాల వర్ధనము. మొక్కలోని చిన్న ముక్కనుండి గాజుసీసాలో మొక్కలను పెంచుట యని దాని యర్థము. మొక్క శరీరములోని ఏ జీవకణమునకైనను సంపూర్ణ వృక్షమగు శక్తి యుండవచ్చునని ఆస్ట్రియా దేశపు హేబర్లాంటు 1902లోనే ఊహించెను. ఆయన ప్రయత్నములు మాత్రము ఫలింపలేదు. 1939 నాటికి అమెరికా, ఫ్రాన్సు దేశములలో కణములను సీసాలలో ఎడతెగక పెంచగలిగిరి. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయములో పంచానన మహేశ్వరి ఆచార్యుడు ఈ విద్యకు పునాది వేసెను. ఆయన శాఖలోనే 1964లో శిప్రా గుహా, సతీశచంద్ర మహేశ్వరి అనువారు ఉమ్మెత్త పువ్వులోని పుప్పొడినుండి మొక్కలు పుట్టించి ప్రపంచమును ఆశ్చర్యపరచిరి. మన ఊరి పెంటదిబ్బలమీద పెరుగు ఉమ్మెత్తల కుదురులోనిదే ఆ మొక్కయు.

పద్ధతి చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. కొమ్మ చివర మొగ్గగాని, కణుపుగాని కోసి, మందునీళ్ళలో కడిగి, దానిపైని సూక్ష్మక్రిములన్నిటిని చంపుదురు. నీటిలో లవణములు, చక్కెర, కొలదిగా విటమినులు కలిపి, చైనాగడ్డితో జున్నువలె గడ్డకట్టించి సీసాలలో పోసి, ఒత్తిడిగల ఆవిరిలో 121 డిగ్రీల వేడిమి వద్ద పావుగంటకు మించి ఉడికింతురు. ఆ లవణముల పాళ్ళు 1962లో మురాషిగి, స్కూగ్ అనువారు నిర్ణయించినవి. నేటికిని లోకమంతట అవియే ఎక్కువ వాడుక. ముక్కను అందు నాటునప్పుడు చేయి తడియైనను, ఊపిరి సోకినను చాలు, బూజు పట్టి సీసా పాడగును. తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీ గతి యెఱిగిన గృహిణులకు ఈ కష్టము వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్చట ఉప్పు, కారము కూడ లేవు, పైగా చక్కెర యున్నది.

ముక్కనుండి కొమ్మలు రావలెనా, వేళ్ళు రావలెనా యనునది అందు కలుపు రెండు రకముల పెరుగుదల ద్రవ్యముల పాళ్ళను బట్టి యుండును. సైటోకైనిను ఎక్కువైనచో కొమ్మలు, ఆక్సిను ఎక్కువైనచో వేళ్ళు వచ్చును. రెండును సమపాళ్ళలో నున్నప్పుడు ఆకారములేని కణముల ముద్ద పెరుగును. ఒక కణుపు నాలుగైదు కొమ్మలైనచో వానిని మరల కోసి నాలుగైదు సీసాలలో నాటుదురు. ఇట్లు నెలనెలకు పెరుగును. కడపట వేళ్ళు వచ్చిన పిల్లమొక్కలను వెలుపలికి తెచ్చుట వేరొక గండము. సీసాలోని చెమ్మకు అలవాటుపడిన ఆకుపై మైనపు పొర పలుచగా నుండును. ఒక్కసారిగా మహబూబునగరపు ఎండలో పెట్టినచో గంటలో వాడిపోవును. కొబ్బరిపొట్టులో నాటి, ప్లాస్టిక్ కప్పు క్రింద తడిగా నుంచి, దినదినము కొంచెము కొంచెము గాలి తగులనిచ్చి, కొన్ని వారములు బాలింతను సాకినట్లు సాకవలెను.

సోమిద మీద ఈ పని జరిగినచోటు వరంగల్లు. కాకతీయ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర శాఖవారు సోమిద కణములను ముద్దగా పెంచి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారి తోడ్పాటుతో ఆ ముద్దనుండి మిథైల్ ఆంగొలెన్సేటు, ల్యూటియోలిను గ్లూకోసైడు అను పదార్థములను వేరుచేసి, అవి కొన్ని సూక్ష్మక్రిములను అణచునని 2007లో ప్రకటించిరి. చెట్టును ముట్టకుండ చెట్టులోని పదార్థము లభించినది. మారేడు గడ్డల మొక్కను సీసాలలో పెంచు పని మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థలో జరిగినది. మందుమొక్కలకై ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి శాఖ హైదరాబాదు ప్రక్కన బోడుప్పలలో కలదు.

ఈ విద్యలో ఒక లోపమును మరువరాదు. ఒక చెట్టు కణుపునుండి పుట్టిన వేయి మొక్కలు ఆ యొక్క చెట్టునకే నకళ్ళు. దానికి పట్టు తెగులు అన్నిటికి పట్టును. కావున తల్లిచెట్లను ఒక కొండనుండి గాక పలు కొండలనుండి ఏరవలెను. ఏరుటకు అవి అడవిలో నిలిచి యుండవలెను. పెంచినవానిని నాటుటకు చోటును, మూడు నాలుగు వేసవులు నీరును ఉండవలెను. అన్ని మొక్కలకును సీసా అవసరము లేదు. సోమిద గింజ తాజాగా నున్నప్పుడు చల్లినచో నర్సరీ మడిలోనే మొలచును. నిలువ యున్నకొలది మొలకెత్తు శక్తి తగ్గిపోవును. వేసవిలో కాయ విచ్చకముందే కోసి, నీడన ఆరబెట్టి, తొలకరిలోగా మడిలో వేసినచో పని జరుగును. రాక్స్‌బర్గు తాను సర్కారు కొండలలో చూచిన సోమిద చలికాలము చివర పూచుననియు, గింజ ముదురుటకు మూడు నాలుగు నెలలు పట్టుననియు వ్రాసియుంచెను. కాయ కోతకు కనిపెట్టవలసినవారు ఆ లెక్కనే పట్టుకొని బయలుదేరవచ్చును.